తూము ఈశాన్యంలో, కసువూ ఈశాన్యంలోనే: మిద్దె మీద వాననీరు నిలవకుండా

అనంతపురంలో ఏడాదంతా కలిపి పడే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. కర్నూలు, కడపల్లో ఇంకాస్త ఎక్కువ. ఇంత తక్కువ వాన పడే చోట మిద్దె మీది తూము మూసుకుపోవడం పెద్ద తలనొప్పి కాకూడదు. కానీ అవుతోంది. అదీ వాన తక్కువ కావడం వల్లనే. వానలు తరచూ పడే ప్రాంతాల్లో మిద్దె దానంతటదే కడుక్కుపోతుంటుంది, రాలిన ఆకు ఎప్పటికప్పుడు కొంచెం కొంచెంగా కొట్టుకుపోతుంది. సీమలో డిసెంబరు నుంచి మే దాకా చెప్పుకోదగ్గ వాన అరుదు. ఆ ఆరు నెలల ఆకు, పూత, పుల్ల, దుమ్ము అన్నీ మిద్దె మీదే ఉండిపోతాయి. ఆ తర్వాత ఏదో ఒక సాయంత్రం గాలివాన వచ్చి, గంటలోపే ముప్పై నలభై మిల్లీమీటర్లు కుమ్మరించి వెళ్తుంది. ఆరు నెలల కసువు పది నిమిషాల్లో తూము ముందుకు చేరుతుంది.

పైగా ఇక్కడ గాలి కూడా ఆ పనికే సాయపడుతుంది. ఇల్లు కట్టేటప్పుడు మిద్దె వాటం ఈశాన్యానికి ఇవ్వడం, తూము ఆ మూలనే పెట్టడం వాస్తు ప్రకారం దాదాపు అందరూ చేసే పని. జూన్ నుంచి సెప్టెంబరు దాకా సీమలో గాలి పడమర, నైరుతి దిక్కుల నుంచి బలంగా వీస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు తిరిగేది ఈ గాలికే. తేలికైన ఎండుటాకు ఆ గాలికి దొర్లుకుంటూ వెళ్లి తూర్పు, ఉత్తరపు పిట్టగోడల మొదట్లో, ముఖ్యంగా ఆ రెండూ కలిసే మూలలో ఆగుతుంది. వాన రాకముందే తూము సగం మూసుకుని ఉంటుందన్నమాట. కొంత ఆకు పడమటి గోడ చాటున కూడా ఆగుతుంది. నీళ్లు పారగానే అదీ తేలుకుంటూ అదే మూలకు వస్తుంది.

ఇందులో వాస్తును తప్పుపట్టాల్సింది ఏమీ లేదు. వాటం ఏదో ఒక దిక్కుకు ఇవ్వాల్సిందే. ఇబ్బందల్లా మిద్దె మొత్తానికి ఒక్కటే తూము పెట్టి, అదీ సరిగ్గా మూలలో పెట్టడం దగ్గర వస్తోంది. మూల నుంచి ఐదారు అడుగులు జరిపి తూర్పు గోడలో ఒకటి, ఉత్తరపు గోడలో ఒకటి పెడితే వాస్తుకూ భంగం ఉండదు, కసువు ఒక్కచోటే పేరుకోదు, ఒకటి మూసుకున్నా రెండోది పనిచేస్తుంది.

ఎన్ని తూములు, ఎంత లావు

1,000 చదరపు అడుగుల మిద్దె అంటే సుమారు 93 చదరపు మీటర్లు. దాని మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 93 లీటర్ల నీళ్లు. గంటకు 100 మిల్లీమీటర్ల జోరుతో పడే జడివానలో నిమిషానికి 155 లీటర్లు దిగాలి. ఆరు సెకన్లకు ఒక పదిహేను లీటర్ల బకెట్ కుమ్మరించినట్టు. అంత జోరు గంటసేపు ఉండకపోవచ్చు, పావుగంట మాత్రం ఉంటుంది. మిద్దె మునగడానికి ఆ పావుగంట సరిపోతుంది.

ఈ జోరు వానకు 100 మి.మీ. వ్యాసం గొట్టం ఒకటి 42.7 చదరపు మీటర్ల మిద్దెకు సరిపోతుందని జాతీయ భవన నిర్మాణ నియమావళి లెక్క. మన కొలతలో 460 చదరపు అడుగులు. 75 మి.మీ. గొట్టమైతే 20.4 చదరపు మీటర్లకే, అంటే 220 చదరపు అడుగులకే చాలుతుంది. కాబట్టి వెయ్యి అడుగుల మిద్దెకు నాలుగంగుళాల గొట్టాలు కనీసం మూడు ఉండాలి, రెండైతే 920 అడుగులకే చాలుతాయి. చాలా ఇళ్లలో ఉండేది 75 మి.మీ. గొట్టం ఒక్కటి. దాని తాహతు అవసరంలో ఐదోవంతుకు కాస్త ఎక్కువ, అదీ లోపల ఒక్క ఆకు కూడా లేనప్పుడు. ఇలాంటి ఇంట్లో నీళ్లు నిలిస్తే గొట్టం మూసుకుపోయిందని ప్లంబరును పిలుస్తారు. అతను వచ్చి చూస్తే గొట్టం శుభ్రంగానే ఉంటుంది.

వాటం విషయానికొస్తే వందకు ఒకటి చొప్పున, అంటే పది అడుగులకు అంగుళం పావు దిగితే చాలు. అంతకంటే తక్కువైతే నీళ్లు పారతాయి గానీ మెల్లగా పారి, దుమ్మును దారిలోనే వదిలేస్తాయి. ఆ దుమ్ము చిన్న కట్టలా పేరుకుని వెనకాల మడుగు కడుతుంది. వాన వెలిసిన మర్నాడు మిద్దె ఎక్కి చూస్తే మట్టి ఎక్కడ పేరుకుందో, వాటం ఎక్కడ తప్పిందో ఆ మరకలే చెబుతాయి.

ఏ మాను ఎప్పుడు రాలుస్తుంది

వేప మాఘ, ఫాల్గుణాల్లో ఆకు రాల్చి, ఉగాదికి పూతకొస్తుంది. ఆషాఢం వచ్చేసరికి పండ్లు రాలతాయి. ఆకు ఎండి ముడుచుకుని గాలికి పోతుంది కాబట్టి దానితో పెద్ద బాధ లేదు. చిక్కంతా పూతతో. సన్నటి వేపపూత దుమ్ములో కలిసి, మొదటి వానకు తడిసి, జాలీ కళ్లకు మెత్తులా అతుక్కుంటుంది. వేపగింజ జాలీలోంచి దూరి పోయేంత చిన్నది, గొట్టం అడుగు వంపులో ఆగిపోయేంత బరువైనది. కానుగ కూడా వేసవి ముందే ఆకు రాలుస్తుంది. దాని కాయ గట్టి బిళ్లలా ఉండి, జాలీ లేని తూములో అడ్డంగా ఇరుక్కుంటుంది. బాదం ఏడాదికి రెండు విడతలు రాలుస్తుంది, దాని సంగతి విడిగా చెప్పుకోవాలి. కాగితపూల తీగ పిట్టగోడ మీదికి పాకించిన ఇళ్లలో ఆ రేకులు ఏడాది పొడవునా రాలుతూనే ఉంటాయి. తడిసిన కాగితంలాగే ఒకదాని మీద ఒకటి అంటుకుపోతాయి. తురాయి, చింత, మునగ ఆకులు మరీ చిన్నవి. వాటిని ఆపాలని చూడకపోవడమే మంచిది. నాలుగంగుళాల గొట్టంలో అవి సునాయాసంగా దిగిపోతాయి.

దుమ్ము కూడా ఊరిని బట్టి మారుతుంది. కర్నూలు, నంద్యాల, ప్రొద్దుటూరు వైపు నల్లరేగడి దుమ్ములో బంక ఎక్కువ. తడిస్తే జాలీకి పట్టేస్తుంది, ఎండితే పెంకు కడుతుంది. అనంతపురం ఎర్రమట్టిలో ఇసుక పాలు ఎక్కువ. అది జాలీ దగ్గర ఆగదు, దాటిపోయి గొట్టం కింది వంపులో కూర్చుంటుంది. రేగడి ఊళ్లలో ముందు జాలీ చూడాలి, ఎర్రమట్టి ఊళ్లలో ముందు వంపు చూడాలి.

మాను కొట్టేయడం దీనికి మందు కాదు. మే నెలలో మిద్దె మీద నీడ పడటం వల్ల కలిగే మేలు ముందు వారానికోసారి ఊడ్చే శ్రమ ఒక లెక్క కాదు. తూము ఉన్న మూల మీదికి నేరుగా వంగిన కొమ్మలు మాత్రం మే లోపు కొట్టించుకుంటే సరిపోతుంది.

బల్లపరుపు జాలీతో చిక్కు

తూము నోటికి బిగించే గుండ్రటి బల్లపరుపు జాలీ హార్డ్‌వేర్ షాపులో దొరుకుతుంది, చూడ్డానికి పొందికగా ఉంటుంది. అది బాత్‌రూమ్‌కు చేసిన సరుకు. మిద్దె మీద దానంత చెడ్డది ఇంకోటి లేదు. నాలుగంగుళాల తూము నోరు 78 చదరపు సెంటీమీటర్లు. జాలీ పెట్టగానే అందులో సగం లోహంతో మూసుకుపోతుంది. మిగిలిన సగం మీద ఒక బాదమాకు పడిందనుకుందాం. బాగా ఎదిగిన బాదమాకు జానెడు పొడవు, అరచేతి కంటే వెడల్పు ఉంటుంది. ఒక్క ఆకు ఆ నోటిని మొత్తం కప్పేస్తుంది. పైన రెండంగుళాల నీళ్లు నిలవగానే ఆ నీటి బరువే ఆకును జాలీకి అదిమి పెడుతుంది, ఇక దానంతటది కదలదు. జాలీయే లేకపోతే ఆ ఆకు ముడుచుకుని గొట్టంలో జారిపోయేది. ఈ జాలీ అడ్డును గొట్టం లోపలి నుంచి గొట్టం నోటికి మార్చింది, అంతే.

అలాగని జాలీ తీసేయమని కాదు. పాలిథిన్ కవరు, గాలిపటం, పావురాలు తెచ్చిన పుల్లలు, పిల్లల బంతి లోపలికి పోతే తియ్యడం చాలా కష్టం. కావాల్సింది నోటి కంటే ఎన్నో రెట్లు పెద్దగా ఉండే, ఎత్తుగా లేచిన జాలీ. అడుగున ఆకు పేరుకున్నా పైభాగం నుంచి నీళ్లు దూరాలి. తూము నిలువుగా కిందికి దిగేదైతే గోపురంలా లేచిన డోమ్ జాలీ పెట్టవచ్చు. దాని ఎత్తు కనీసం నాలుగు అంగుళాలు ఉండాలి. రెండంగుళాల ఎత్తువి కూడా అమ్ముతారు, వాటికీ బల్లపరుపు జాలీకీ పెద్ద తేడా లేదు.

సీమ ఇళ్లలో ఎక్కువగా కనిపించేది పిట్టగోడలోంచి అడ్డంగా బయటికి పోయే తూము. దానికి డోమ్ జాలీ కుదరదు. వెల్డ్ మెష్‌తో ఒక గూడు చేసి నోటి ముందు పెట్టడమే దారి. అరంగుళం కళ్లున్న మెష్ తీసుకోవాలి. స్టీలుదైతే మేలు, జీఐ (జింకు పూత వేసిన ఇనుప) మెష్ కొన్నేళ్లకు తుప్పు పడుతుంది. 90 సెంటీమీటర్ల పొడవు, 20 సెంటీమీటర్ల ఎత్తు ముక్క కత్తిరించి, రెండు వైపులా 25 సెంటీమీటర్ల దగ్గర వంచితే మధ్యలో 40 మిగులుతుంది. గోడకు ఆనించి నిలబెడితే మూడు వైపులా జాలీ, నాలుగో వైపు గోడ. పైన మూతకు 40 సెంటీమీటర్ల పొడవు, 25 వెడల్పు ముక్క వేసి బైండింగ్ వైరుతో కట్టాలి. నిలువు జాలీ విస్తీర్ణమే 1,800 చదరపు సెంటీమీటర్లు అవుతుంది, తూము నోటికి ఇరవై రెట్ల పైమాట. దిగువ సగం ఆకుతో నిండిపోయినా మిగిలిన సగం మొత్తం నీటిని వదులుతుంది.

ఈ గూడును మేకులతోనో స్క్రూలతోనో స్లాబుకు బిగించకూడదు. ఆ రంధ్రమే రేపటి లీకేజీ అవుతుంది. రెండు మూలల మీదా ఇటుకలో నాపరాయి ముక్కలో బరువు పెడితే గాలికి కదలదు, ఊడ్చేటప్పుడు తీయడమూ సులువు. అడుగు అంచు నేలకు ఆనాలి. వేలెడు సందున్నా పాలిథిన్ కవరు దాని కింద నుంచే దూరుతుంది. మెష్ కత్తిరించిన కొసలు చేతికి గీసుకోకుండా లోపలికి మడవాలి.

సన్న మెష్ అయితే ఇంకా బాగా ఆపుతుందని దోమల జాలీ, చీర ముక్క, గోనె చుట్టేవాళ్లు ఉన్నారు. మొదటి వానకే ఆ సన్న కళ్లు దుమ్ము బంకతో పూడిపోతాయి. ఆకు లేకుండానే తూము మూసుకుంటుంది. మిద్దె మీద వడకట్టాల్సింది గొట్టంలో ఇరుక్కునే సైజువే. సన్నవి కిందికి దిగనివ్వాలి. నీళ్లు ఇంకుడు గుంతకో సంపుకో పోతుంటే సన్నని వడపోత కింద పెట్టుకోవచ్చు.

ఆన్‌లైన్‌లో వెతికితే గట్టర్ గార్డులు, గట్టర్ బ్రష్షులు కనిపిస్తాయి. అవి వాలు కప్పు అంచు వెంట కట్టే కాలువలకు చేసినవి. పిట్టగోడలున్న మన మిద్దెకు పనికిరావు.

రెండో దారి తప్పనిసరి

ఎంత మంచి జాలీ పెట్టినా ఏదో ఒక రాత్రి అది నిండుతుంది. ఆ రాత్రికి నీళ్లు ఎటు పోవాలన్నది ముందే ఏర్పాటు చేసి ఉండాలి. వెయ్యి అడుగుల మిద్దె మీద సగటున ఒక అంగుళం నీళ్లు నిలిస్తే రెండు టన్నుల పైచిలుకు బరువు. మనుషులు ఎక్కి తిరిగే మిద్దెకు చదరపు మీటరుకు 1.5 కిలోన్యూటన్లు, అంటే సుమారు 150 కిలోల అదనపు బరువు లెక్కలోకి తీసుకోవాలని భవనాలు మోయాల్సిన బరువుల మీద ఉన్న భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 875 చెబుతుంది. ఆరు అంగుళాల నీళ్లు నిలిస్తే సరిగ్గా ఆ హద్దుకు చేరతాం. బాగా కట్టిన స్లాబు అంతమాత్రానికి కూలదు. కానీ పిట్టగోడ మూడడుగుల ఎత్తున ఉండి, తూము ఒక్కటే ఉండి, అదీ మూసుకుంటే ఆరు అంగుళాల దగ్గర ఆగుతుందన్న హామీ ఏదీ లేదు.

బరువు కంటే ముందే వచ్చే నష్టం మెట్ల గదిది. ఆ గది గడప చాలా ఇళ్లలో రెండు మూడు అంగుళాలే ఉంటుంది. నీళ్లు దాన్ని దాటితే మెట్ల మీదుగా నేరుగా నట్టింట్లోకి వస్తాయి. మిద్దె మీద తెరిచి వదిలేసిన కరెంటు పైపు మూతుల్లోంచి దిగితే స్విచ్‌బోర్డు దాకా పోతాయి.

అందుకే అసలు తూముకు రెండు మూడు అడుగుల దూరంలో, పిట్టగోడలో ఇంకో తూము పెట్టాలి. దాని అడుగు అసలు తూము దగ్గరి నేల కంటే రెండు నుంచి మూడు అంగుళాల ఎత్తులో ఉండాలి, మెట్ల గది గడప కంటే మాత్రం కచ్చితంగా కిందికి ఉండాలి. మేస్త్రీలు వాడే నీళ్ల లెవెల్ పైపు పట్టి ఈ రెండూ సరిచూసుకోవచ్చు. కంటికి సమానంగా కనిపించే మిద్దెలో కూడా ముప్పై అడుగుల పొడవుకు మూడున్నర అంగుళాల వాటం ఉంటుంది కాబట్టి కంటి అంచనా పనికిరాదు. దీనికి 110 మి.మీ. గొట్టమే వేయడం మేలు, 75 అయితే రెండు వేయాలి. దీనికి జాలీ పెట్టకూడదు, కింది గొట్టంతో కలపకూడదు. గోడ నుంచి అరడుగు బయటికి చాచి, వీధి గేటు వైపో వాకిలి వైపో ఇంట్లోవాళ్లకు కనిపించేలా వదిలేయాలి. అందులోంచి నీళ్లు పడుతున్నాయంటే అసలు తూము మూసుకుందని అర్థం, ఎవరూ మిద్దె ఎక్కకుండానే తెలిసిపోతుంది. కట్టేసిన ఇంట్లోనూ దీన్ని పెట్టుకోవచ్చు. కోర్ కటింగ్ మిషనుతో గోడకు రంధ్రం వేయించి, గొట్టం బయటికి కొద్దిగా వాలేలా పెట్టి, చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ మందు కలిపిన సిమెంటుతో పూడిస్తే సరి.

గొట్టంలో పుట్టే అడ్డులు

వాననీటికి వాడాల్సింది ఎస్‌డబ్ల్యుఆర్ పైపు, అంటే మురుగునీటికీ వాననీటికీ చేసిన పీవీసీ గొట్టం. అందులో ఎ రకం చాలు, లావు గోడ ఉండే బి రకం మరుగుదొడ్ల లైనుకు. ఎండకు పెళుసెక్కకుండా వీలైనంత నీడ వైపు గోడకు దింపాలి. ఆరడుగులకొక క్లాంపు వేయాలి. పై పైపు కొస కింది పైపు గంటలోకి (వెడల్పుగా ఉండే కొసలోకి) దిగాలి, గంట నోరు ఎప్పుడూ పైకే ఉండాలి. తలకిందులుగా కలిపితే లోపల అంచు మెట్టులా నిలబడి పుల్లనల్లా పట్టుకుంటుంది. జాయింటు ఊడకుండా స్క్రూ కొట్టే అలవాటు కొందరికి ఉంది. లోపలికి పొడుచుకొచ్చిన ఆ స్క్రూ మొనకు మొదట ఒక దారం చుట్టుకుంటుంది, దారానికి కాగితపూల రేకులు, వాటికి దుమ్ము. ఏడాదికల్లా అక్కడ బిరడా తయారు.

కింద గొట్టం తిరిగే చోట 90 డిగ్రీల ఎల్బో ఒక్కటి వేయడం కంటే 45 డిగ్రీల బెండ్లు రెండు వేస్తే ఆకు ఆగదు. ఒక్కటే వేయాల్సి వస్తే డోర్ బెండ్ వేయాలి. దానికి బోల్టులతో బిగించే మూత ఉంటుంది, తీసి చెయ్యి పెట్టి శుభ్రం చేసుకోవచ్చు. ఆ మూత గోడ వైపు తిరిగి ఉండేలా బిగించి పోయిన ఇళ్లు లెక్కలేనన్ని. ప్లంబరు వెళ్లకముందే మూత బయటికి ఉందా, బోల్టు తిప్పడానికి స్పానరు పడుతుందా చూసుకోవాలి.

గొట్టం కొసను నేరుగా భూమిలోకి దింపి పూడ్చేయడం మంచిది కాదు. చాంబరు పైన అరడుగు ఎత్తులో తెరిచి వదిలితే నీళ్లు ఎంత జోరుగా పడుతున్నాయో కంటికి కనిపిస్తుంది, అడ్డు ఉంటే వెంటనే తెలుస్తుంది. బాత్‌రూమ్ లైనుతో కలిపితే వాన రోజున ఆకంతా అక్కడికి చేరి, ఆ మురికి నీరు బాత్‌రూమ్‌లోకి ఎదురు తంతుంది.

కొత్త ఇళ్లలో ఇంకో రకం అడ్డు ఉంది. మిద్దెకు ప్లాస్టరింగ్ చేసేటప్పుడు గొట్టంలో సిమెంటు పడకుండా గోనెసంచి ముక్క కుక్కుతారు, అది మంచి పనే. తీయడం మర్చిపోతారు. గోనె కుక్కని చోట, పని అయ్యాక తట్టలు కడిగిన సిమెంటు నీళ్లు గొట్టంలో పోస్తారు. అది అడుగు వంపులో గట్టిపడితే ఆ బెండు కోసి కొత్తది వేయడం తప్ప మార్గం లేదు. అందుకే ఇల్లు స్వాధీనం చేసుకునే రోజున ఒక్కో తూములో రెండు బకెట్ల నీళ్లు ఒకేసారి గుమ్మరించి చూడాలి. నీళ్లు ఆగకుండా దిగి, కింద ధారగా పడాలి. పైన సుడి తిరుగుతూ నిలబడితే లోపల ఏదో ఉన్నట్టే.

ఊడ్చే వేళలు, పద్ధతి

మాఘం నుంచి ఉగాది దాటేదాకా వారానికోసారి ఊడిస్తే పని తేలిక. పెద్ద ఊడ్పు రోహిణి కార్తెలో, అంటే మే చివర్లో, మృగశిర రాకముందే అయిపోవాలి. రెండో పెద్ద ఊడ్పు సెప్టెంబరు చివర్లో. దీన్నే ఎక్కువమంది వదిలేస్తారు. సీమలో సెప్టెంబరు, అక్టోబరులే వానలు బాగా పడే నెలలు. కడప వైపు ఈశాన్య రుతుపవనాల వాటా ఇంకా ఎక్కువ, నవంబరు తుపాన్లు కూడా ఉంటాయి. జూన్‌లో శుభ్రం చేశాం కదా అనుకున్న మిద్దె మీద అప్పటికి మూడు నెలల నైరుతి గాలి తెచ్చిన కసువు ఉంటుంది. ఈ రెంటికీ మధ్య పదిహేను రోజులకోసారి, గాలివాన వెలిసిన ప్రతిసారీ తూము మూల చూసుకుంటే చాలు.

పొరకతో ఊడ్చేటప్పుడు తూముకు ఎదురు దిక్కుగా, అంటే ఈశాన్యం నుంచి నైరుతి వైపు ఊడ్చుకుంటూ పోయి, కసువంతా గంపకెత్తాలి. జాలీ గూడును అన్నిటికంటే చివర తీయాలి. ముందే తీస్తే ఊడ్చే దుమ్మంతా గొట్టంలోకే పోతుంది. నీళ్ల పైపు పట్టి ఆకును తూములోకి తోయడం మాత్రం వద్దు. ఎండుటాకు కుప్పల్లో తేళ్లు ఉంటాయి, చెయ్యి పెట్టేముందు కర్రతో కదపాలి. మిద్దె మీద వేరుశెనగ, చింతపండు, మిరపకాయలు ఎండబెట్టిన వారం తర్వాత పొట్టు, తొడిమలు తప్పకుండా తీసేయాలి. అవి ఆకు కంటే గట్టిగా ముద్దకడతాయి.

పిట్టగోడ మొదట్లో, తూము గొట్టం చుట్టూ పక్షుల రెట్టల వల్ల రావి మొలకలు వస్తాయి. రెండాకుల దశలో వేలితో లాగేస్తే వచ్చేస్తాయి. జానెడు ఎదిగాక వేరు గొట్టానికీ గోడకూ మధ్య సందులో దిగిపోతుంది. పైన కోస్తే మళ్లీ చిగురిస్తుంది.

మూసుకున్న గొట్టాన్ని తెరవాల్సి వస్తే కింది నుంచి మొదలుపెట్టాలి. పైనుంచి కర్రతో పొడిస్తే అడ్డుపడ్డ కసువు ఉండ వంపులోకి ఇంకా బిగుసుకుంటుంది. మిద్దె మీద నీళ్లు నిలిచి ఉంటే డోర్ బెండ్ మూతను కొంచెం కొంచెంగా, పక్కన నిలబడి వదులు చేయాలి. గొట్టం నిండా ఉన్న నీళ్లు ఒక్కసారిగా ముఖాన కొడతాయి. తర్వాత అరంగుళం నీళ్ల పైపును ధార వదులుతూ కింది నుంచి పైకి తోస్తే ఉండ విడిపోయి కిందికి వస్తుంది. కదలకపోతే ప్లంబర్ల దగ్గర ఉండే స్ప్రింగు తీగ వాడాలి. గునపం వద్దు, ఎండకు పెళుసెక్కిన పైపు పగులుతుంది. యాసిడ్ కూడా వద్దు, అది ఆకునూ మట్టినీ కరిగించదు, తర్వాత చెయ్యి పెట్టినవాళ్లను కాలుస్తుంది. ఉరుములు మెరుపులు ఉన్నప్పుడు మిద్దె ఎక్కే పని ఎవరూ పెట్టుకోకూడదు. నాలుగంగుళాల నోటి దగ్గర నీళ్లు నిలిచి ఉన్నప్పుడు ఆకును చేత్తో కాక పొడుగు కర్ర ఉన్న పారతో పక్కకు లాగాలి, ఆ ధార చేతిని లోపలికి లాక్కుంటుంది.

నీళ్లను పట్టుకునే ఇళ్లలో

మిద్దె నీళ్లు ఇంకుడు గుంతకు పోతుంటే మధ్యలో ఒకటిన్నర అడుగుల చదరం చాంబరు కట్టాలి. నీళ్లు బయటికి పోయే గొట్టం కంటే అడుగు లోతు కిందికి తవ్వి ఉంటే దుమ్ము, వేపగింజలు అక్కడే దిగిపోతాయి. ఇది లేకపోతే ఆకు గుంతలోకి చేరి కుళ్లి, ఇసుక పొర మీద జిగురు పొరలా పరుచుకుంటుంది. రెండేళ్లకు గుంతలో నీళ్లు ఇంకడం ఆగిపోతుంది, పైపొర ఇసుక మార్చాల్సి వస్తుంది.

సంపులోకి పట్టుకునేవాళ్లు మొదటి వాన నీళ్లు వదిలేయాలి, కనీసం ఒక మిల్లీమీటరు వాన. వెయ్యి అడుగుల మిద్దెకు అది 93 లీటర్లు. పక్కన ఒక నిలువు గొట్టం పెట్టి మొదటి నీళ్లు అందులో నింపే పద్ధతి ఒకటుంది. 110 మి.మీ. గొట్టంలో మీటరుకు ఎనిమిదిన్నర లీటర్లే పడతాయి. 93 లీటర్లకు పదకొండు మీటర్ల గొట్టం కావాలి, అంత ఎత్తు ఒక అంతస్తు ఇంట్లో ఎక్కడుంది? వంద లీటర్ల డ్రమ్ము పెట్టుకోవడమో, గొట్టానికి టీ (మూడు దారుల జాయింటు) వేసి, దానికి మూత బిగించి మొదటి పది నిమిషాలు చేత్తో తెరిచి ఉంచడమో నయం.

పాత మిద్దెలు

బేతంచర్ల, కడప బండలు పరిచిన మిద్దెల్లో తూము మూసుకుంటే నీళ్లు బండల మధ్య సందుల్లోంచి దిగుతాయి. ఏటా వేసవిలో ఆ సందులు పూడ్చేటప్పుడే తూము చుట్టూ ఉన్న సందుల్ని మరింత శ్రద్ధగా చూడాలి, ఎక్కువసేపు తడిసేవి అవే.

చౌడు మట్టి మిద్దెలకు ప్రమాదం వేరే రకం. కొన్నేళ్లకోసారి పైన కొత్త చౌడు పోస్తుంటారు. పోసిన ప్రతిసారీ మిద్దె ఎత్తు పెరుగుతుంది, నీళ్లు బయటికి వదిలే దోణి మాత్రం పాత ఎత్తులోనే ఉండిపోతుంది. కొన్నాళ్లకు దాని చుట్టూ గుంట పడి, ఆకూ మట్టీ కలిసి నోరు పూడుతుంది. అరడుగు మందం తడి మట్టి చదరపు మీటరుకు 270 కిలోల దాకా బరువుంటుంది. దూలాలు అప్పటికే చెదపట్టి ఉంటే ఆ బరువు మోయలేవు. ముసురు పట్టిన రాత్రుల్లో మట్టి మిద్దెలు కూలేది ఇలాగే. కొత్త చౌడు పోసే ముందు పాత వదులు మట్టిని అంత మేర గీకి దించాలి, లేదా దోణిని పైకి ఎత్తి పెట్టాలి. దోణి నోరు మట్టి మట్టం కంటే వేలెడు కిందికే ఉండాలి. ముసురు రెండో రోజుకు చేరి, దోణిలోంచి నీళ్లు పడటం ఆగిపోయి, లోపల దంతెల నుంచి మట్టి రాలుతుంటే, దోణి శుభ్రం చేయడానికి మిద్దె ఎక్కకూడదు. ముందు ఇంట్లోవాళ్లంతా బయటికి రావాలి.